ఇల్లు నిలుపుకొనుట

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెతను ఎరుగని తెలుగువాడు ఉండడు. ఇల్లు కట్టుటలోని ప్రయాసమును, వ్యయమును ఈ సామెత చక్కగా చెప్పుచున్నది. కాని కట్టిన ఇంటిని నిలుపుకొనుటను గూర్చి అది యేమియు చెప్పదు. ఇల్లు కట్టుట ఒక యేడాది పని. దానిని నిలుపుకొనుట ఒక జీవితకాలపు పని. గృహప్రవేశము నాటికి తాపీపనివారును, వడ్రంగులును తమ పనిముట్లను సర్దుకొని వెడలిపోవుదురు. ఆనాటి నుండి ఎండ, వాన, చెమ్మ, చెదలు అను అతిథులు పిలువకుండగనే వచ్చి, లోపల ప్రవేశింపజూచుచుండును. వీనిని వాకిటనే నిలిపివేయుట ఇంటివారి వంతు.

పూర్వము పల్లెలలో ఈ పనిని చాలవరకు ఇంటివారే చేసికొనుచుండిరి. తొలకరికి ముందు కప్పుమీది పాత తాటాకును విప్పి కొత్త ఆకు నేయుట, జారిన పెంకులను సరిచేయుట, మట్టిగోడలకు పేడయు మన్నును కలిపి పూయుట, అరుగులు అలుకుట, సంక్రాంతికి సున్నము వేయుట ఇంటిల్లిపాదికిని తెలిసిన పనులు. వీనిలో పెక్కింటిని స్త్రీలే నిర్వహించుచుండిరి. తరువాత సిమెంటును, ఉక్కును, విద్యుద్దీపములును, గొట్టముల నీరును ఇండ్లలోనికి వచ్చినవి. సౌకర్యములు పెరిగినవి, కాని ఇంటివారికి ఇంటితో గల పరిచయము తగ్గినది. నేడు అంగడికి పోయినచో విద్యుత్తుతో తిరుగు బరమాలు, రంపములు, పలు విధములైన రంగులు, జిగురులు దొరకును. కాని గోడ ఏల చెమ్మగిలినదో, తలుపు ఏల బిగిసినదో చెప్పగల పనిముట్టు ఏ అంగడిలోను దొరకదు. దానిని మనుష్యుడు తన కన్నులతో చూచి, చేతులతో కొలిచి తెలిసికొనవలసినదే.

అందుచేత ఇంటి పనికి పూనుకొనువాడు మొదట సంపాదింపవలసినది కోయు పనిముట్టు కాదు; కొలుచు పనిముట్టు. తాపీపనివాని సంచిలో ఇట్టివి కొన్ని ఉండును. మొదటిది మిక్కిలి ప్రాచీనమైన తూకపు గుండు. ఒక దారము కొనకు బరువైన లోహపు గుండును కట్టి వ్రేలాడదీసినచో, భూమ్యాకర్షణచేత ఆ దారము నిట్టనిలువుగా నిలుచును. దారము పై భాగమున గుండు వెడల్పునకు సమానమైన కొయ్యముక్క ఉండును. కొయ్యముక్కను గోడ పై భాగమునకు ఆనించినపుడు, క్రింద గుండు గోడను తాకీ తాకక నిలిచినచో గోడ నిలువుగా ఉన్నట్లు. గుండు గోడకు ఎడముగా నిలిచినచో గోడ పై భాగము ముందునకు వ్రాలినట్లు. గుండు గోడను ఒరసికొని, దారము వంగినచో పై భాగము వెనుకకు వాలినట్లు. కన్ను మోసపోవచ్చును, గుండు మోసపోదు.

రెండవది రసమట్టము. దీనిలోని చిన్న గాజుగొట్టమునందు ద్రవమును, ఒక గాలిబుడగయు ఉండును. బుడగ రెండు గీతల నడుమ నిలిచినచో ఆ తలము సమముగా ఉన్నదని అర్థము. మూడవది మూలమట్టము. ఇది లంబకోణమును చూపు పనిముట్టు. చిన్న బల్లకు ఇది చాలును గాని, గది అంత పెద్ద కొలతకు చాలదు. అప్పుడు మేస్త్రి ఒక దారమును ఉపయోగించును. ఒక మూల నుండి ఒక ప్రక్క 3 అడుగులు, రెండవ ప్రక్క 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టును. ఆ గుర్తుల నడుమ దూరము సరిగా 5 అడుగులు ఉన్నచో ఆ మూల లంబకోణము. బడిలో పైథాగరస్ సిద్ధాంతమను పేర విద్యార్థులు చదువుకొనునది ఇదియే. యజ్ఞవేదికల నిర్మాణమునకై పుట్టిన బౌధాయన శుల్బసూత్రములలో కూడ ఈ 3, 4 కొలతల జంట కనబడును. నల్లబల్లమీది లెక్క నేలమీద ఇంటి మూలగా మారునప్పుడు ఆ లెక్క మరల మరపునకు రాదు.

నాల్గవ పనిముట్టు మిక్కిలి చవుకైనది. అది లోపలి నీరు కనబడునట్టి ఒక పొడవైన సన్నని ప్లాస్టిక్ గొట్టము. దానిని నీటితో నింపి రెండు కొనలను పైకెత్తి పట్టుకొన్నచో, కొనలు ఎంత దూరమున ఉన్నను రెండింటిలోను నీరు ఒకే మట్టమున నిలుచును. నడుమ గోడ అడ్డమున్నను, మూల తిరిగినను ఈ మట్టము మారదు. గొట్టములో గాలిబుడగలు లేకుండ చూచుకొనుటయు, నీరు కదలక నిలుచువరకు ఓర్చుటయు మాత్రమే ఇందలి మెలకువలు. నీరు పల్లమెరుగునన్న మాట అందరును ఎరిగినదే. ఈ సాధారణమైన గొట్టము ఒక ఇంటిని ఎట్లు కాపాడినదో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరముగా నుండును.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్న గృహస్థుడు ఒకడు ఉండెను. ఆయన ఇల్లు తండ్రి కట్టించినది. ఇటుకగోడలు, గానుగ సున్నపు కట్టుబడి, పైన మంగుళూరు పెంకులు, ముందు వసారా, వీథి అరుగు. ఆయన కుమారుడు వేరొక ఊర ఉద్యోగము చేయుచుండగా, ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలును, ఆమె తమ్ముడును తాతగారి యొద్దనే యుండి చదువుకొనుచుండిరి. ఉత్తరపు గోడ ప్రక్కనే పిల్లలు పండుకొను మంచములు.

ఆ ఉత్తరపు గోడకు ఒక జాడ్యము పట్టెను. ప్రతి సంక్రాంతికిని దానికి రంగు వేయించుచుండిరి. వానలు మొదలైన పిదప నేల నుండి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఆ రంగు బుడగలు బుడగలుగా ఉబ్బి రాలుచుండెను. తెల్లని ఉప్పు పొంగి చేతికి అంటుచుండెను. పాత సున్నపు పూత చెడినదని యెంచి పూర్వమే దానిని గీకించి సిమెంటు పూత వేయించిరి. చెమ్మ మానలేదు; మునుపటికంటె ఒక అడుగు ఎత్తు పెరిగెను. నీటిని ఆపునని చెప్పి అంగడివాడు ఇచ్చిన ఖరీదైన రంగును రెండు మారులు వేయించిరి. అదియు పొరలు పొరలుగా ఊడిపోయెను.

చివరకు గ్రామములోని వృద్ధుడైన ఒక తాపీమేస్త్రిని పిలిపించిరి. ఆయన కన్నుల చూపు తగ్గి పని చాలవరకు మానుకొన్నవాడు. భాద్రపద మాసపు వానలో గొడుగు పట్టుకొని వచ్చెను. గోడకు చేయి తగిలింపలేదు. ఇంటి చుట్టును ఒక మారు తిరిగి వచ్చి, వసారాలో కూర్చుండి, "అయ్యగారూ, ఈ వీథి అరుగునకు పూర్వము ఎన్ని మెట్లు ఉండెడివి?" అని యడిగెను.

"మూడు," అని గృహస్థుడు చెప్పెను.

"ఇప్పుడో?"

గృహస్థుడు వీథివైపు చూచెను. ఒక్క మెట్టు మాత్రమే కనబడుచుండెను. ఏండ్ల తరబడి ఆ వీథిలో కంకర బాటమీద సిమెంటు బాటయు, దానిమీద మరియొక సిమెంటు బాటయు వేయబడుచు వచ్చినవి. రెండు మెట్లను బాట మ్రింగివేసెను. దినమునకు పదిమారులు ఆ మెట్టు దిగుచున్న ఇంటివారు ఎన్నడును దానిని గమనింపలేదు.

"గోడకు రోగము లేదండి. గోడ నీళ్ళలో నిలుచున్నది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు, ఇటుక నీటిని పైకి లాగుచున్నది," అని మేస్త్రి చెప్పెను.

"సిమెంటు పూత వేయించితిమి గదా, తాతా! అది నీటిని ఆపవలదా?" అని మనుమరాలు అడిగెను.

"లోపలికి రాకుండ ఆపును తల్లీ. లోపల చేరిన దానిని బయటకు పోకుండ కూడ ఆపును. వెనుకటి సున్నపు పూత ఊపిరి పీల్చెడిది. వానకు తడిసిన గోడ ఎండకు ఆరెడిది. సిమెంటు పూత గోడకు తడి చొక్కా తొడిగినట్లైనది. ఆరుటకు దారిలేక నీరు ఇంకను పైకి ఎక్కినది," అని ఆయన బదులు చెప్పెను. పిదప ఒక మేకుతో గోడ అడుగున ఇటుకల సందును గీసెను. సున్నము పిండివలె రాలెను. "ఇంక రెండు మూడు వానకాలములు ఇట్లే గడచినచో ఈ గోడ కూలబడును. పిల్లల మంచములను నేడే ఆవలి గదిలోనికి మార్పించుడు," అని చెప్పి లేచెను. ఆ మాటతో ఇంటివారికి విషయము రంగును గూర్చినది కాదని తెలిసెను.

మరునాడు మేస్త్రి సూచనపై అక్కాతమ్ములు నీటిగొట్టముతో కొలతలు తీసిరి. తమ్ముడు ఒక కొనను ఇంటిలోపల గడపయొద్ద పట్టుకొనెను. అక్క రెండవ కొనను ఇంటి చుట్టును త్రిప్పి, పది చోట్ల నీటి మట్టమును బొగ్గుతో గుర్తించి, అక్కడనుండి నేల ఎంత లోతున నున్నదో కొలిచి కాగితముపై వ్రాసికొనెను. వీథివైపు నేల ఇంటిలోని నేలకంటె ఆరు అంగుళములు మాత్రమే పల్లముగా ఉండెను. ఉత్తరపు గోడకును ప్రహరికిని నడుమనున్న సందులో నేల, ఇంటిలోని నేలకంటె మూడు అంగుళములు మెరకగా ఉండెను! పగిలిన పెంకులు, మిగిలిన ఇసుక, ఊడ్చిన మన్ను ఏండ్ల తరబడి ఆ సందులో పోయబడి గట్టిపడినవి. బాటమీది వాననీరు ఆ సందులోనికి వచ్చుచుండెను. వచ్చిన నీటికి పోవు దారి లేకుండెను.

కారణము తెలిసిన పిదప చేయవలసిన పని దానంతట అదియే తేటపడెను. వానలు వెనుకబట్టిన తరువాత ఇంటివారు సందులోని మన్నును కొద్ది కొద్దిగా త్రవ్వి తీసివేసి, నేలను ఇంటి నేలకంటె ఒక అడుగు క్రిందికి దించిరి. పునాది అడుగు వరకు త్రవ్వరాదనియు, ఒకేసారి గోడ పొడవునను త్రవ్వరాదనియు మేస్త్రి గట్టిగా హెచ్చరించెను. పునాది ప్రక్క మన్నే దానికి ఊత. పిదప గోడనుండి ప్రహరి వైపునకు గజమునకు ఒక అంగుళము వంతున వాలు ఉండునట్లు నేలను చదును చేసిరి. నీరు పెరటిలోనికి పారుటకు కాలువ తీసి, ఇంటికి దూరముగా ఒక ఇంకుడు గుంట త్రవ్విరి. సందు మొగలో బాటనీరు లోనికి రాకుండ చిన్న గట్టు కట్టిరి. చూరునుండి పడు నీరు గోడమీద చిమ్మకుండ రేకుతో ఒక దోనె అమర్చిరి.

తరువాత గోడమీది సిమెంటు పూతను నాలుగు అడుగుల ఎత్తువరకు ఊడగొట్టిరి. అంతటితో పని నిలిపివేయవలెనని మేస్త్రి చెప్పెను. తడిగోడమీద ఏ పూతయు నిలువదు. గోడ ఆరువరకు ఓర్చవలెను. సంక్రాంతి వచ్చెను. ఊరిలోని ఇండ్లన్నియు కొత్త రంగులతో కళకళలాడుచుండగా ఈ యింటి గోడ మాత్రము ఎముకలు కనబడుచు నిలిచెను. వచ్చిన బంధువులు పరిహాసము చేసిరి. గృహస్థుడు నవ్వి యూరకుండెను. ఫాల్గుణమున మేస్త్రి తన శిష్యుని తోడ్కొని వచ్చి, అడుగు వరుసలలో పాడైన ఇటుకలను రెండేసి మూడేసి చొప్పున తీసి కొత్తవానిని పెట్టించెను. బరువు మోయుచున్న గోడలో చేయు ఈ పని తెలిసినవాడే చేయవలెను. తక్కిన పనిలో, అనగా ఇసుక జల్లించుట, సున్నము కలుపుట, పూత పూసిన గోడమీద తడిగోనెలు వ్రేలాడదీసి నీరు చల్లుట యందు ఇంటివారే చేతులు పెట్టిరి. మరుసటి వానకాలమున గోడ పొడిగా నుండెను.

ఈ వృత్తాంతములో ఒక మర్మము కలదు. రంగుకై రెండు మారులు వెచ్చించిన ధనము, సిమెంటు పూతకై వెచ్చించిన ధనము వ్యర్థమైనవి; ఏలయన అవి రోగమును మాన్పక రోగలక్షణమును కప్పినవి. మెట్లు ఎన్ని యని యడిగిన ప్రశ్నకు ఖర్చు లేదు. ఇంటి మరమ్మతులలో మొదటి సూత్రము ఇదియే: కారణము తెలియక కప్పరాదు.

సున్నమునకును సిమెంటునకును గల భేదమును కూడ గృహస్థుడు ఎరిగియుండవలెను. సున్నపురాతిని బట్టీలో కాల్చినచో అందలి బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసినపుడు సలసల కాగుచు విరియును. ఇట్లు విరిసిన సున్నము గోడపై పూసిన పిదప గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చి మరల రాయిగా మారును. కనుకనే సున్నపు పనికి తొందర పనికిరాదు. సున్నము విరియునపుడు చిమ్మిన చుక్క కంటిలో పడినచో చూపునకే ముప్పు. అందుచే పిల్లలు ఆ సమయమున దగ్గరకు పోరాదు. పెద్దలు కండ్లద్దములు ధరింపవలెను.

నేడు వాడుకలోనున్న సిమెంటునకు పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను ఇటుకపనివాడు ఈ పేరుతో హక్కుపత్రమును పొందెను. ఇది నీటితో కలిసి గట్టిపడును. ఆరుట వేరు, గట్టిపడుట వేరు. తడి ఆరిపోయినచో గట్టిపడుట ఆగిపోవును. అందుచే సిమెంటు పనిని కనీసము 7 దినములు, బూడిద వంటివి కలిసిన సిమెంటైనచో 10 దినములు తడుపుచుండవలెను. ఇటుకలను కట్టుటకు ముందు నీటిలో నానవేయవలెను. పొడి యిటుక అడుసులోని నీటిని పీల్చివేయును. ఇటుకల కట్టుబడికి సాధారణముగా ఒక పాలు సిమెంటునకు ఆరు పాళ్ళు ఇసుక కలుపుదురు. ఒకేసారి గుట్టగా కలిపి, గట్టిపడుచున్న దానిలో మరల నీరు పోసి వాడుట పెద్ద తప్పు. అట్టి పని చూపునకు బాగుండును, బలము ఉండదు. వారము దినములు గోడకు నీరు చల్లు పనికి గొప్ప నేర్పు అక్కరలేదు. అయినను ఇండ్లు చెడుటకు తరచుగ కారణమగునది ఆ చిన్న పనిని మానుటయే.

గోడలోని పగుళ్ళను కూడ ఇట్లే ప్రశ్నింపవలెను. పూతమీద వెండ్రుకవలె కనబడు పగులు తరచుగా పూత ఆరుటలో ముడుచుకొనుటచే కలుగును. దానివలన భయము లేదు. కిటికీ మూలనుండియో, తలుపు మూలనుండియో ఏటవాలుగా మెట్లు మెట్లుగా ప్రాకు పగులు పునాది క్రుంగుటను సూచింపవచ్చును. నల్లరేగడి నేలలలో ఇట్టివి ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనుచు, పైనున్న ఇంటిని ఏటేట ఎత్తి దింపుచుండును. పగులు నిలిచినదో, పెరుగుచున్నదో తెలిసికొనుటకు దాని రెండు కొనలయొద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయవలెను. నెలకొకసారి చూడవలెను. గీతను దాటి పగులు ప్రాకినచోను, వెడల్పు పెరిగినచోను దానిని పూడ్చుట కాక, ఇంజనీరును పిలుచుట కర్తవ్యము. ఈ పరీక్షకు కావలసినది ఒక పెన్సిలును, మరవని బుద్ధియు.

పైకప్పు కారుటలో మరియొక మోసము కలదు. నీటిచుక్క పడినచోట తరచుగా చిల్లు ఉండదు. పగిలిన పెంకులోనుండి దిగిన నీరు వాసము వెంబడి జారి జారి, ఎక్కడనో చుక్కగా పడును. కనుక చుక్కనుండి వాసము వెంబడి పైకి చూచుచు పోవలెను. చీకటిగదిలో నిలిచి పగటివేళ కప్పువైపు చూచినచో, సూదిమొనవంటి వెలుగు చిల్లుల జాడను చెప్పును. పగిలిన పెంకును మార్చుటకు పై వరుస పెంకును కొంచెము ఎత్తి, క్రిందిదానిని లాగివేసి, కొత్తదానిని బద్దెకు తగిలింపవలెను. పెంకులమీద పనిచేయువాడు వాసమును ఆనుకొన్న చోట అడుగు వేయునే గాని నడిమి పెంకుమీద అడుగు వేయడు. నిచ్చెన నాలుగు అడుగులు ఎత్తు పోయినచో దాని అడుగు గోడకు ఒక అడుగు ఎడముగా ఉండవలెను; క్రింద ఒకరు పట్టుకొని ఉండవలెను. బాలబాలికలు నిచ్చెనను పట్టుకొనుట వరకే, కప్పు ఎక్కరాదు.

వానకాలమున తలుపు బిగిసినచో వెంటనే చిత్రిక పట్టువారు కలరు. కొయ్య తడిగాలికి ఉబ్బును, ఎండగాలికి ముడుచుకొనును. శ్రావణమున చిత్రిక పట్టిన తలుపునకు వైశాఖమున సందు ఏర్పడి, తేళ్ళకు జెర్రులకు దారి యగును. మొదట పై బందు మరమేకులు వదులైనవేమో చూడవలెను. పెక్కు తలుపులు ఉబ్బుట చేత గాక, పై బందు వదులై వ్రాలుట చేతనే గడపను రాచుకొనును. ఒక మరమేకును బిగించుటతో తీరు బాధకు చిత్రిక ఏల? బందులు బిగువుగనే యున్నచో, తలుపు అంచునకు సుద్ద రాచి మూసి తెరువవలెను. సుద్ద చెరిగినచోట రాపిడి ఉన్నట్లు. ఎండకాలము వరకు ఓర్చి, అప్పటికిని రాపిడి మిగిలినచో ఆ చోట మాత్రమే కొంచెముగా చిత్రిక పట్టవలెను.

నీటికుళాయి కారుట చాలమంది లెక్కచేయని విషయము. కారుచున్న కుళాయి క్రింద ఒక చెంబు పెట్టి, అది ఎంతసేపటికి నిండునో చూచి, దినమునకు ఎన్ని చెంబులో, ఏడాదికి ఎన్ని బిందెలో లెక్కకట్టినచో ఆ నిర్లక్ష్యము తొలగిపోవును. సాధారణమైన మరకుళాయిలో చెడునది తరచుగా ఒక చిన్న రబ్బరు బిళ్ళయే. నీరు వచ్చు గొట్టమును ముందుగా మూసి, పానాతో కుళాయి తల విప్పి, అరిగిన బిళ్ళను తీసి, సరిగా అంతే పరిమాణము గలదానిని వేసి బిగింపవలెను. పాత బిళ్ళను అంగడికి తీసికొని పోయిన వానికి రెండవసారి పోవు పని ఉండదు.

చేయదగిన పనులను తెలిసికొనుట ఎంత అవసరమో, చేయదగని పనులను తెలిసికొనుటయు అంతే అవసరము. విద్యుత్తీగల పని లైసెన్సు గలవాడే చేయవలెను. గోడకు మేకు కొట్టుటకు ముందు, స్విచ్చిపెట్టెకు నేరుగా పైనను క్రిందను ప్రక్కలను గోడలోపల తీగలు పోవుచుండునని గుర్తుంచుకొని, ఆ చోట్లను విడువవలెను. బరువు మోయు గోడను గాని, స్తంభమును గాని, దూలమును గాని ఇంజనీరు అనుమతి లేక తొలచరాదు. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులను ఇంటిలో కోయరాదు, తొలచరాదు. వాని ధూళిలోని సన్నని నూలుపోగులు ఊపిరితిత్తులలో చేరి, పెక్కు సంవత్సరముల పిదప ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించును. పాత తలుపుల రంగును పొడిగా గీకి ధూళి రేపరాదు. ఇండ్లకు వేయు రంగులలో సీసము మిలియను పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని భారతదేశమున 2016లో నియమము చేయబడినది. అంతకు పూర్వపు రంగులలో అది మిక్కుటముగా ఉండవచ్చును. పిల్లల మెదడునకు సీసము విషము. తెలియని పనిలో చేయి పెట్టకుండుట పిరికితనము కాదు. అదియు పనితనములో ఒక భాగమే.

ఇంటిని గూర్చి ప్రశ్నించుటయే వ్రతముగా పెట్టుకొన్న గొప్ప వాస్తుశిల్పి ఒకడు భారతదేశమున పనిచేసెను. ఆయన లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున జన్మించి, 1945లో కుష్ఠరోగుల సేవకై వచ్చి, ఈ దేశమునే తన దేశముగా చేసికొనెను. హిమాలయ పర్వత ప్రాంతమున పితోరాగఢ్ యొద్ద పెక్కు సంవత్సరములు నివసించి, అక్కడి పల్లెవాసులు చేతికందిన రాతితో, మట్టితో, కొయ్యతో చలికి తగిన ఇండ్లను ఎట్లు కట్టుకొనుచున్నారో చూచి నేర్చుకొనెను. తరువాత కేరళకు వచ్చి తిరువనంతపురమున స్థిరపడి, పేదలకు అందుబాటులో నుండు ఇండ్లను కట్టెను. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతిని ఆయన ప్రచారము చేసెను. ఎలుకబోను కట్టు అని దానికి పేరు. దానివలన ఇటుకలు సుమారు నాలుగవ వంతు తగ్గును. నడిమి గాలి వేడిని అడ్డగించును. ఈ గోడకు పూత అవసరమా, ఈ కిటికీకి ఇంత కొయ్య అవసరమా అని అడుగుచు, సామాన్యులకు తెలియునట్లు చేతితో బొమ్మలు వేసి చిన్న పుస్తకములను వ్రాసెను. 1990లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 2007లో పరమపదించెను. ఆయన గృహములలోని సొగసు ఖర్చువలన వచ్చినది కాదు; ప్రశ్నవలన వచ్చినది.

తన ఇంటి పనిలో తాను చేయి పెట్టినవానికి ధనము మిగులునన్నది నిజమే. కాని అంతకంటె విలువైన లాభము వేరొకటి కలదు. ఒక దినము ఎండలో ఇసుక జల్లించిన బాలుడు, తాపీపనివాని కూలిని గూర్చి బేరమాడునప్పుడు తడబడును. గుండు పట్టుకొని గోడ నిలువును చూడబోయి రెండుమూడు మారులు తప్పిన బాలిక, ఒక్క చూపుతో వాలును చెప్పగల వృద్ధుని ముందు తల వంచును. అక్షరము తెలిసినవాడే విద్వాంసుడు అను అపోహ అంతటితో తొలగిపోవును. తాపీ పట్టిన చేతిలో గణితము కలదు. సున్నము కలుపు చేతిలో రసాయనశాస్త్రము కలదు. వానలో గొడుగు పట్టుకొని ఇంటిచుట్టు తిరిగి ఒక్క ప్రశ్న అడుగువాని మనస్సులో వైద్యుని వివేకము కలదు.

ప్రతి యింటిలోను ఒక చిన్న పెట్టె ఉండదగును. అందులో ఒక సుత్తి, ఒక కొలతపట్టీ, ఒక తూకపు గుండు, రెండు మరమేకుల చీలలు, ఒక పానా, ఒక పట్టకారు, ఒక సుద్దముక్క, ఒక పెన్సిలు ఉన్న చాలును. దానితోపాటు ఒక పుస్తకము ఉంచి, ఏ గోడ ఎప్పుడు తడిసినది, ఏ పెంకు ఎప్పుడు మార్చినది, గొట్టములు ఎక్కడనుండి ఎక్కడకు పోవుచున్నవి అను వివరములను తేదీలతో వ్రాసికొనవలెను. ఆ పని ఇంటిలో చదువుకొను పిల్లలది. ఏటేట తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన పిదప ఒకసారి ఇంటిచుట్టు తిరిగి, నీరు ఎక్కడ నిలుచుచున్నదో, ఎక్కడనుండి వచ్చుచున్నదో చూచి ఆ పుస్తకమున వ్రాయువారు ఉన్నంతకాలము ఆ యిల్లు నిలుచును. పెద్దలు కట్టి యిచ్చిన గోడలు వారసులకు అయాచితముగా లభింపవచ్చును. వానిని నిలుపు నేర్పు మాత్రము ఎవరికి వారు సంపాదించుకొనవలసినదే.